ఇంటి లెక్క ఇద్దరి చేతిలో: దంపతులకు ఆన్‌లైన్ సాధనాలు ఎంతవరకు పనికొస్తాయి?

ఒకప్పుడు తెలుగు ఇళ్లలో నెల లెక్క గోడ మీదే ఉండేది. క్యాలెండర్‌లో తేదీ పక్కన పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, చీటీ కట్టాల్సిన రోజు రాసుకునేవారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం వంటింటి అరలో ఉండేది. డబ్బు ఎవరి చేతిలో ఉన్నా, ఎంత ఖర్చవుతోందో ఇంట్లో అందరికీ కొంతైనా కనిపించేది.

2016లో యూపీఐ వచ్చాక ఆ లెక్క క్రమంగా ఫోన్‌లోకి వెళ్లిపోయింది. ఫోన్‌కు తాళం ఉంటుంది. కరెంటు బిల్లు, ఇంటి రుణం వాయిదా, పిల్లల ఫీజు, ఇంటర్నెట్ చందా అన్నీ ఒకరి నంబరుకు వచ్చే ఎస్ఎంఎస్‌లుగా మారాయి. ఆ ఒక్కరు ఆసుపత్రిలో చేరినా, ఫోన్ పోగొట్టుకున్నా ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో రెండోవారికి తెలియని పరిస్థితి చాలా ఇళ్లలో ఉంది.

ఈ ఇబ్బంది భార్యాభర్తలిద్దరికీ ఉన్నా భారం సమానం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న మహిళలు 2015-16లో 53 శాతం ఉంటే, 2019-21 నాటికి 78.6 శాతానికి పెరిగారు. అదే సర్వేలో, తాము వాడుకునే సొంత మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు 54 శాతమే. ఖాతా ఉంది, దాన్ని చూసుకునే ఫోన్ లేదు. అందుకే ఏ యాప్ మంచిదన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది: లెక్క ఎవరి నంబరు మీద, ఎవరి పేరు మీద నడుస్తోంది?

నాలుగు రకాల సాధనాలు

దంపతులు ఉమ్మడిగా వాడుకునే లెక్కల సాధనాలు స్థూలంగా నాలుగు రకాలు. ఒక్కొక్కటి ఒక్కో అవసరం కోసం పుట్టింది.

మొదటిది ఉమ్మడి షీట్. గూగుల్ షీట్స్ లాంటి దానిలో ఒక పట్టిక తయారుచేసి, ఇద్దరి ఈమెయిళ్లకూ మార్చే అనుమతి ఇస్తే చాలు. ఎవరు ఏ గడిని ఎప్పుడు మార్చారో చరిత్రలో నమోదవుతుంది. బ్యాంకు వివరాలు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, ఖర్చూ లేదు. లోపమల్లా ఒక్కటే, ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

రెండోది ఖర్చు పంచే యాప్. 2011లో అమెరికాలో మొదలైన స్ప్లిట్‌వైజ్ వీటిలో బాగా తెలిసినది. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో చెప్పడం దీని పని. గదిని పంచుకునే మిత్రులకు ఇది సరిగ్గా సరిపోతుంది. దంపతుల దగ్గరకు వచ్చేసరికి సగం సగం అన్న సూత్రమే తేడా కొడుతుంది. ఉదాహరణకు భర్త జీతం 90,000, భార్య జీతం 60,000, ఇంటి ఖర్చు 50,000 రూపాయలు అనుకుందాం. చెరి 25,000 వేసుకుంటే భర్త జీతంలో 28 శాతం, భార్య జీతంలో 42 శాతం ఇంటికే పోతుంది. జీతాల నిష్పత్తిలో భర్త 30,000, భార్య 20,000 వేసుకుంటే ఇద్దరి జీతంలోనూ మూడో వంతు పోతుంది. స్ప్లిట్‌వైజ్‌లో శాతాల లెక్కన పంచుకునే వీలుంది. ఒకరికే సంపాదన ఉన్న ఇంట్లో మాత్రం ఈ బాకీల లెక్కకు అర్థం లేదు.

మూడోది కవర్ల పద్ధతి. జీతం రాగానే అద్దెకు, బియ్యానికి, ఫీజులకు వేర్వేరు కవర్లలో డబ్బు పెట్టుకునే పాత అలవాటుకు ఇది డిజిటల్ రూపం. వైనాబ్, గుడ్‌బడ్జెట్ ఈ కోవలోవి. గుడ్‌బడ్జెట్‌లో ఒకే లెక్కను రెండు ఫోన్లలో చూసుకోవచ్చు. వైనాబ్‌కు చందా డాలర్లలో కట్టాలి, భారతీయ బ్యాంకు ఖాతాలు దానికి నేరుగా కలవవు కాబట్టి ఇక్కడివాళ్ల ఖర్చులు వాటంతట అవే అందులో ఎక్కవు.

నాలుగోది లెక్కను తనంత తానే పట్టుకునే యాప్. వీటిలో కొన్ని బ్యాంకు ఎస్ఎంఎస్‌లు చదివి ఖర్చులను వర్గాలుగా విడదీస్తాయి. ఏ ఫోన్‌లో ఉంటే ఆ ఫోన్‌కు వచ్చిన సందేశాలే వీటికి కనిపిస్తాయి. నగదు ఖర్చు అసలే కనిపించదు. మరికొన్ని అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ మీద పనిచేస్తాయి. ఆర్‌బీఐ 2016లో నిబంధనలు జారీ చేసిన ఈ వ్యవస్థ 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఖాతాదారు సమ్మతి ఇస్తేనే బ్యాంకు నుంచి వివరాలు వెళ్తాయి. దేనికోసం, ఎంతకాలం అన్నది ఆ సమ్మతిలోనే ఉంటుంది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. మధ్యలో ఉన్న అగ్రిగేటర్ సంస్థకు ఆ సమాచారాన్ని చదివే వీలుండదు. అయితే సమ్మతి ఎవరికి వారిదే. భార్య ఖాతా వివరాలకు భర్త, భర్త ఖాతా వివరాలకు భార్య సమ్మతి ఇవ్వలేరు.

యాప్‌ను ఎంచుకునే ముందు గుర్తుంచుకోవాల్సిన ఉదంతాలు రెండున్నాయి. ఎస్ఎంఎస్‌లు చదివి లెక్క చూపించే వాల్‌నట్ అనే భారతీయ యాప్‌ను 2018లో క్యాపిటల్ ఫ్లోట్ అనే రుణ సంస్థ కొనుగోలు చేసింది. ఖర్చుల వివరాలు అప్పులిచ్చేవారికి ఎంత విలువైనవో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక అమెరికాలో 2007లో మొదలై లక్షల మంది వాడిన మింట్‌ను దాని యజమాని ఇన్‌ట్యూట్ 2024 మార్చిలో మూసేసింది. అక్కడి తెలుగు కుటుంబాలతో సహా ఏళ్ల తరబడి లెక్క రాసుకున్నవాళ్లంతా కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఉచితంగా దొరికే యాప్‌కు ఆదాయం ఎక్కడినుంచి వస్తోంది, లెక్కను ఫైలుగా బయటికి తీసుకునే వీలుందా అన్నవి ముందే చూసుకోవాలి.

బిల్లుల సంగతి

ఖర్చుల లెక్క ఒక నెల రాయకపోయినా పెద్ద నష్టం లేదు. బిల్లు మరిచిపోతే అపరాధ రుసుము పడుతుంది, ఒక్కోసారి కనెక్షనే పోతుంది. దేశంలో చాలా బిల్లులు ఇప్పుడు భారత్ బిల్‌పే వ్యవస్థ ద్వారా నడుస్తున్నాయి. కరెంటు, నీరు, గ్యాస్, డీటీహెచ్, రుణ వాయిదాలు అన్నీ సర్వీస్ నంబరు లేదా ఖాతా నంబరు ఆధారంగా ఇందులో కనిపిస్తాయి. బిల్లు ఎవరి పేరున ఉన్నా నంబరు తెలిస్తే ఎవరైనా కట్టవచ్చు. కాబట్టి దంపతులిద్దరూ తమ తమ యాప్‌లలో అవే సర్వీస్ నంబర్లు నమోదు చేసుకోవచ్చు. ఒకే బిల్లును ఇద్దరూ కట్టేయకుండా ‘ఇది నాది, అది నీది’ అని ముందే పంచుకుంటే సరిపోతుంది.

యాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2024 జులైలో తెలుగు రాష్ట్రాల వినియోగదారులు చూశారు. చెల్లింపులు భారత్ బిల్‌పే ద్వారానే జరగాలన్న ఆర్‌బీఐ ఆదేశాల నేపథ్యంలో ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యాప్‌లలో కరెంటు బిల్లుల చెల్లింపు ఆగిపోయింది. తమ వెబ్‌సైట్‌లోనో, సొంత యాప్‌లోనో కట్టాలని విద్యుత్ పంపిణీ సంస్థలు ప్రకటించాయి. ఆ సంస్థలు భారత్ బిల్‌పేలో చేరాక చెల్లింపులు మళ్లీ మొదలయ్యాయి. సర్వీస్ నంబరు విడిగా రాసిపెట్టుకున్నవాళ్లకు ఆ రోజుల్లో వెతుకులాట తప్పింది.

ఆటోపే మరో చిక్కు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కార్డు, యూపీఐ ఆటోపేలో డబ్బు తీసుకునే 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి. సాధారణంగా 15,000 రూపాయల వరకు ప్రతిసారీ అదనపు ధ్రువీకరణ అక్కర్లేదు. ఆ ముందస్తు సందేశం ఒక్క ఖాతాదారుకే వెళ్తుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు ఉంచాల్సినవారు వేరొకరైతే సమస్య మొదలవుతుంది. అందుకే ఉమ్మడి షీట్‌లో ఆటోపేల జాబితా, వాటి తేదీలు ఉండాలి.

డబ్బు వాడే హక్కు

లెక్క చూడటం వేరు, డబ్బు వాడగలగడం వేరు. చాలా మంది దంపతులు ఈ తేడాను పిన్ చెప్పేసుకుని దాటేస్తారు. అందులో ఉన్న ప్రమాదాన్ని బెంగళూరు కేసు ఒకటి బయటపెట్టింది. 2013లో ప్రసూతి సెలవులో ఉన్న ఓ మహిళ 25,000 రూపాయలు తెమ్మని తన డెబిట్ కార్డు, పిన్ భర్తకు ఇచ్చారు. ఏటీఎంలో నగదు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది. కార్డు వాడింది ఖాతాదారు కాదంటూ బ్యాంకు డబ్బు తిరిగి ఇవ్వలేదు. 2018లో జిల్లా వినియోగదారుల ఫోరం బ్యాంకు వాదననే సమర్థించింది. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇదే మాట చెబుతోంది: రహస్య వివరాలు ఇతరులకు చెప్పడం వల్ల నష్టం జరిగితే, ఆ సంగతి బ్యాంకుకు తెలియజేసేవరకు భారం ఖాతాదారుదే.

సక్రమమైన మార్గాలు రెండున్నాయి. ఒకటి ఉమ్మడి ఖాతా. ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో తెరిస్తే ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు, ఒకరు మరణిస్తే రెండోవారు కొనసాగించవచ్చు. రెండో ఖాతాదారు మొబైల్ నంబరును కూడా బ్యాంకులో నమోదు చేయించడం మరిచిపోకూడదు. లేదంటే పేరు ఇద్దరిదీ, సమాచారం ఒకరిదీ అవుతుంది.

రెండో మార్గం 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్. ఇందులో ఖాతా ఉన్న ప్రధాన వినియోగదారు గరిష్ఠంగా ఐదుగురిని ద్వితీయ వినియోగదారులుగా చేర్చుకోవచ్చు. పూర్తి అధికారం ఇస్తే వారు నెలకు 15,000 వరకు, ఒక్కో చెల్లింపు 5,000 దాటకుండా సొంతంగా కట్టుకోవచ్చు. పాక్షిక అధికారమైతే ప్రతి చెల్లింపునూ ప్రధాన వినియోగదారు ఆమోదించాలి. వృద్ధ తల్లిదండ్రులకు, కాలేజీ పిల్లలకు ఇది సౌకర్యమే. భార్యాభర్తల మధ్య పెడితే మాత్రం కూరగాయల బండి దగ్గర నిలబడి ఎదుటివారి అనుమతి కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

లెక్కా, నిఘానా?

ఈ సాధనాలన్నింటిలోనూ తెగని చిక్కు ఇదే. ప్రతి రూపాయీ ఇద్దరికీ కనిపించడం భాగస్వామ్యం. ఒకరి ఖర్చు మాత్రమే మరొకరికి కనిపించడం నిఘా. పోపుల డబ్బాలో దాచిన నోట్లకు ఎవరూ లెక్క అడిగేవారు కాదు. యాప్ ఆ చిన్న చాటును కూడా లేకుండా చేస్తుంది. ఈ విషయంలో చట్టం నుంచి పెద్దగా సాయం అందదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం యాప్ సంస్థలకు వర్తిస్తుంది గానీ, ఒక వ్యక్తి వ్యక్తిగత, గృహ అవసరాల కోసం డేటాను వాడుకుంటే వర్తించదు. ఇంట్లో ఎవరు ఏం చూడాలన్నది దంపతులే తేల్చుకోవాలి.

డబ్బు వాడే వీలు గురించి సుప్రీంకోర్టు ఒక సూచన చేసింది. తెలంగాణ నుంచి వెళ్లిన భరణం కేసులో 2024 జులై 10న ఇచ్చిన తీర్పులో జస్టిస్ బి.వి.నాగరత్న, సొంత ఆదాయం లేని భార్యకు ఆర్థిక భరోసా కల్పించాల్సిన అవసరాన్ని భర్తలు గుర్తించాలన్నారు. ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు అందుబాటును అందుకు ఉదాహరణగా చూపారు.

లెక్క రాయడం కూడా పనే. కేంద్ర ప్రభుత్వ 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే మహిళలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఎంట్రీలు రాసే బాధ్యతా ఆ 289 నిమిషాల్లోనే చేరితే, కొత్త యాప్ పాత భారాన్ని పెంచినట్టే.

పన్ను విషయంలో ఒక్క మాట. ఇంటి ఖర్చులకు భర్త ఇచ్చే డబ్బు మీద భార్యకు పన్ను ఉండదు. కానీ ఆ డబ్బును ఆమె పేరున డిపాజిట్ చేస్తే, దాని మీద వచ్చే వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. భార్య భర్తకు ఇచ్చినా ఇదే నియమం.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి నెల ఏ యాప్ అక్కర్లేదు. ఉమ్మడి షీట్‌లో మూడు జాబితాలు రాస్తే చాలు: బిల్లులు, వాటి సర్వీస్ నంబర్లు, గడువు తేదీలు, ఆటోపేలు, అవి ఏ ఖాతా నుంచి వెళ్తాయో, ఖాతాలు, రుణాలు, బీమా పాలసీలు, వాటి నామినీలు. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు అందులో రాయకూడదు. ఇద్దరికీ లెక్క అడగని సొంత ఖర్చు కొంత ముందే పక్కన పెట్టుకోవాలి. నెలకోసారి ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి, ఎంట్రీలు రాసే పని నెలనెలా మారాలి. ఇది నాలుగు నెలలు నిలిస్తే అప్పుడు యాప్ గురించి ఆలోచించవచ్చు.

ఏ సాధనమైనా సరే, దాన్ని పరీక్షించడానికి ఒక తేలికైన మార్గం ఉంది. ఇంట్లో లెక్క చూసేవారి ఫోన్ ఒక వారం పాటు స్విచాఫ్ అయిందనుకోవాలి. ఆ వారంలో రావాల్సిన బిల్లులేమిటో రెండోవారు చెప్పగలిగి, తమ ఫోన్ నుంచే కట్టగలిగితే ఆ ఇంటి లెక్క నిజంగా ఇద్దరిదీ.