తుపాకి గొట్టం నుంచి కుట్టుమిషన్ దాకా

మన రోడ్ల మీద అప్పుడప్పుడు స్వార్ట్‌పిలెన్, విట్‌పిలెన్ అనే బైకులు కనిపిస్తుంటాయి. తయారయ్యేది పుణె దగ్గర బజాజ్ ఫ్యాక్టరీలో. పేర్లేమో స్వీడిష్ భాషవి: నల్ల బాణం, తెల్ల బాణం. ట్యాంకు మీదుండే "హుస్క్‌వర్నా" అన్న మాట నిజానికి ఓ చిన్న ఊరి పేరు. ఇవాళ ఆ ఊరి కథ చెప్పుకుందాం.

దక్షిణ స్వీడన్‌లో వెట్టర్న్ అని పెద్ద సరస్సు ఉంది. దాని దక్షిణపు కొసన, యోన్‌షోపింగ్ నగరాన్ని ఆనుకుని ఉంటుంది హుస్క్‌వర్నా. ఎత్తు మీది నుంచి ఒక ఏరు జలపాతాలుగా దూకుతూ వచ్చి సరస్సులో కలుస్తుంది. ఊరి పేరులోనే ఆ నీటి సంగతి ఉంది. "హుస్" అంటే ఇల్లు, ఇక్కడైతే కోట. "క్వార్న్" అంటే పిండిమర. రుమ్లాబోర్గ్ కోట తాలూకు మర అన్నమాట.

పిండి విసిరిన నీటికి 1689లో తుపాకుల పని తగిలింది. సైన్యానికి తుపాకులు చేసే కర్మాగారం అప్పటికే యోన్‌షోపింగ్‌లో ఉంది. కానీ ఇనుప గొట్టాన్ని లోపల తొలవాలన్నా, పైన సానపట్టాలన్నా చక్రాలు బలంగా తిరగాలి. అంత నీటి జోరు అక్కడ లేదు. అందుకని ఆ పనిని ఈ జలపాతం దగ్గరికి తెచ్చారు. 1757లో కర్మాగారం ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. కమ్మర్లు చిన్న చెక్క ఇళ్ళలో ఉంటూ, అక్కడే కొలిమి పెట్టుకుని పనిచేసేవాళ్ళు. ఆ ఇళ్ళు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేట పేరు స్మెద్‌బీన్, అంటే కమ్మరిపల్లె.

అయితే తుపాకుల ఊరికి ఒక చిక్కుంది. పెద్ద ఎత్తున కొనేది ఒక్క సైన్యమే. 1867లో స్వీడన్ తన సైన్యానికి రెమింగ్టన్ తుపాకీని ఎంచుకుంది. దాన్ని చేయడానికి ఇక్కడికి కొత్త యంత్రాలు వచ్చాయి. సైన్యానికి సరిపడా తుపాకులు అందాక ఆర్డర్లు తగ్గిపోయాయి. యంత్రాలున్నాయి, పనివాళ్ళున్నారు, పని లేదు.

అప్పుడు వాళ్ళు వేసుకున్న ప్రశ్న "ఏం అమ్ముదాం" అని కాదు, "ఈ యంత్రాలతో ఇంకేం చేయగలం" అని. తుపాకీలో కదిలే చిన్న ఉక్కు ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానికొకటి అమరాలి. కుట్టుమిషన్‌లోనూ అంతే. 1872లో కుట్టుమిషన్లు మొదలుపెట్టారు. తర్వాత పోత ఇనుప పొయ్యిలు, 1896లో సైకిళ్ళు, 1903లో మోటార్‌సైకిళ్ళు. ఆ ఇంజన్ల అనుభవంతోనే 1959లో చెట్లు కోసే రంపాలు. 1995లో తనంతట తానే గడ్డి కోసే రోబో. ప్రతి కొత్త వస్తువూ పాత పనితనం మీదే నిలబడింది.

ఇదంతా కంపెనీ వైపు నుంచి చూస్తే గొప్ప విజయగాథ. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరి వైపు నుంచి చూస్తే వేరు. అతని చేతి పనిని యంత్రం మింగేశాకే ఆ యంత్రం కుట్టుమిషన్ చేసింది. ఊరు నిలబడింది కానీ, అందరూ దానితోపాటు నిలబడలేదు. టెక్నాలజీ మారినప్పుడల్లా కొత్త కోర్సులు నేర్చుకునే మన ఐటీ వాళ్ళకి ఈ తేడా తేలిగ్గానే అర్థమవుతుంది.

1911లో పట్టణ హోదా పొందిన హుస్క్‌వర్నా 1971లో యోన్‌షోపింగ్ మునిసిపాలిటీలో కలిసిపోయింది. ఇవాళ రంపాలది ఒక కంపెనీ, కుట్టుమిషన్లది ఇంకొకటి, మోటార్‌సైకిళ్ళది మరొకటి. ఉమ్మడిగా మిగిలినవి ఊరి పేరు, దాని పక్కనుండే గుర్తు. ఈసారి ఆ గుర్తుని కాస్త పరీక్షగా చూడండి. అది ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే తుపాకి గొట్టం, దాని పైన గురి చూసే ములుకు.