సీటు వచ్చింది, పాఠం అందలేదు: కాలేజీల్లో వికలాంగ విద్యార్థులు, టెక్నాలజీ, హక్కులు

ఇవాళ డిగ్రీ చదువు సగం ఫోన్‌లోనే నడుస్తోంది. అడ్మిషన్ ఆన్‌లైన్. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్. లెక్చరర్ నోట్సు వాట్సాప్ గ్రూపులో ఫొటోగా వస్తుంది. హాల్ టికెట్ వెబ్‌సైట్ నుంచి దించుకోవాలి. చూపు, వినికిడి ఉన్న విద్యార్థికి ఇది సౌకర్యమే. చూపు లేని విద్యార్థికి మాత్రం ఆ నోట్సు ఫొటో ఖాళీ కాగితంతో సమానం. వినికిడి లేని విద్యార్థికి క్యాప్షన్లు లేని వీడియో పాఠం పెదవులు కదిలే బొమ్మ మాత్రమే.

ఈ పరిస్థితిని మార్చడానికి చట్టం ఉంది, పరికరాలు ఉన్నాయి, వాటిలో చాలా వరకు ఉచితం. విద్యార్థి సంఘాలకు, కార్యకర్తలకు పనికొచ్చేలా ఆ వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ప్రభుత్వం వాడే 'దివ్యాంగులు' అనే మాటను అనేక వికలాంగ సంఘాలు వ్యతిరేకించాయి. అందుకే మేము 'వికలాంగులు' అనే రాస్తున్నాం.

కులం, వైకల్యం కలిసిన చోట

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో ఇది 2.45 శాతం, షెడ్యూల్డ్ తెగల్లో 2.05 శాతం, మిగతావారిలో 2.18 శాతం. తల్లికి తిండి, బిడ్డకు సకాలంలో వైద్యం, ఒళ్లు విరిచే ప్రమాదకరమైన పనులు: ఈ మూడింటిలోనూ కులం ఎలా పనిచేస్తుందో మన వాడల్లో ఎవరిని అడిగినా చెప్తారు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని నేరుగా చర్చించింది. ఆ కేసులో అత్యాచారానికి గురైన యువతి దళితురాలు, చూపు లేని మనిషి. కులం, జెండర్, వైకల్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుని పనిచేస్తాయని, వాటిని విడదీసి చూస్తే వివక్ష పూర్తిగా కనబడదని కోర్టు చెప్పింది. అత్యాచార నేరానికి పడిన యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం సాక్ష్యం చాలదని కొట్టేసింది. గుర్తింపు ఒక మెట్టు, న్యాయం మరో మెట్టు అని ఈ తీర్పే చూపిస్తోంది.

కాలేజీలో ఈ పెనవేత ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చిన దళిత విద్యార్థికి చూపు లేకపోతే, పాఠం చదివి వినిపించే అన్నయ్యో అక్కయ్యో ఇంట్లో ఉండకపోవచ్చు. సొంత ల్యాప్‌టాప్ ఉండదు. హాస్టల్ గదిలో ఒక్క ఫోనే ఆధారం. కాబట్టి కాలేజీ చేయని పనిని కుటుంబం పూరిస్తుందనే లెక్క ఇక్కడ చెల్లదు.

చట్టం ఏం చెప్తోంది

వికలాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు ఇవి:

సెక్షన్ 2: అవసరమైన సర్దుబాటు చేయడానికి నిరాకరించడం కూడా వివక్షే. ఆ సర్దుబాటు సంస్థకు మోయలేని భారం కాకూడదన్నది ఒక్కటే షరతు.

సెక్షన్ 16: ప్రభుత్వ నిధులు పొందే సంస్థలతో పాటు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వికలాంగులను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వారికి తగిన సర్దుబాట్లు చేయాలి. మాది ప్రైవేటు కాలేజీ, మాకు వర్తించదనే మాటకు ఇదే జవాబు.

సెక్షన్ 32: ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. గరిష్ఠ వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు ఉంటుంది.

సెక్షన్ 42: రాతలో, ధ్వనిలో, ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చే సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి.

కోర్టు తీర్పులూ తోడున్నాయి. వికలాంగులు కూడా సామాజికంగా వెనుకబడినవారేనని, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇచ్చే సడలింపులు వారికీ ఇవ్వాలని 2020లో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి 40 శాతం సర్టిఫికెట్ లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని 2021లో వికాశ్ కుమార్ కేసులో చెప్పింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న, అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన 15వ నియమాన్ని చట్టవిరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన అధ్యయనం హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం చేసింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని ప్రకటించింది.

తెలుగు మీడియంలో ఉన్న ప్రత్యేక చిక్కు

స్క్రీన్ రీడర్ అంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. విండోస్ కంప్యూటర్ల కోసం ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, చూపు లేని యువకుడు, 2006లో దీన్ని మొదలుపెట్టాడు. ఖరీదైన స్క్రీన్ రీడర్లు కొనలేని వారికి ఉచితంగా దొరకాలన్నది ఆ పని వెనుక ఉద్దేశం. ఇవి తెలుగు కూడా చదువుతాయి, అయితే ఒక షరతు ఉంది: ఆ తెలుగు యూనికోడ్‌లో ఉండాలి.

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పుస్తకాలు, నోట్సులు, ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలోనే తయారవుతున్నాయి. అలాంటి ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల కోడ్ మీద తెలుగు ఆకారాన్ని అతికిస్తారు. కంటికి తెలుగులా కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. స్క్రీన్ రీడర్ వాటినే వినిపిస్తుంది. ఇంగ్లిషు మీడియం విద్యార్థికి లేని ఈ అడ్డంకి, సర్కారు బడుల నుంచి తెలుగులో చదువుకుంటూ వచ్చిన మన పిల్లల మీద పడుతోంది.

దీన్ని పరీక్షించడం తేలిక. నోట్సు ఫైలులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. చదవగలిగే తెలుగు వస్తే బాగున్నట్టే. పిచ్చి గుర్తులు వస్తే ఫాంటు సమస్య ఉన్నట్టు. అసలు వాక్యాన్ని ఎంచుకోవడానికే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. యూనికోడ్‌లో టైపు చేసినా పీడీఎఫ్ చేశాక తెలుగు ఒత్తులు, గుణింతాలు ఒక్కోసారి తారుమారవుతాయి. అందుకే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలో ఈపబ్ ఫైలో కూడా ఇమ్మని అడగాలి.

కాలేజీ చేయాల్సిన పనులు

నోట్సు, సిలబస్, నోటీసులు యూనికోడ్‌లో టైపు చేయించాలి. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీలను అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ ఉచితం, తెలుగును గుర్తిస్తుంది. అందులో తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒక మనిషి సరిచూడాలి.

లైబ్రరీలో కనీసం ఒక కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, హెడ్‌ఫోన్లు, స్కానర్ ఉండాలి. ఆ గది మేడమీద ఉండి లిఫ్టు లేకపోతే వీల్‌చైర్ విద్యార్థికి అది లేనట్టే.

వీడియో పాఠాలకు క్యాప్షన్లు పెట్టాలి. యంత్రం రాసిన క్యాప్షన్లను లెక్చరర్ ఒకసారి దిద్దాలి. సైగల భాష తెలిసిన విద్యార్థులకు అనువాదకులను ఏర్పాటు చేయాలి.

వెబ్‌సైట్‌లో ప్రతి బొమ్మకూ మాటల్లో వివరణ ఉండాలి. మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఫారం నింపగలగాలి. అక్షరానికీ వెనుక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టమనే క్యాప్చాకు ధ్వని రూపం కూడా ఉండాలి. వేలిముద్ర పడని విద్యార్థికి హాజరు వేసే మరో దారి ఉండాలి.

పరీక్షల్లో స్క్రైబ్‌తో పాటు కంప్యూటర్‌పై రాసే అవకాశం కూడా ఇవ్వాలి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వమన్నాయి.

పుస్తకాన్ని ఇలా మార్చి ఇస్తే కాపీరైటు సమస్య వస్తుందని కొన్నిచోట్ల భయపెడతారు. వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి, లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని మార్చుకోవచ్చని కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ స్పష్టం చేసింది. ఇదే ఉద్దేశంతో వచ్చిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఉంది.

హక్కు అడగడం ఎలా

ముందుగా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. 'సహాయం చేయగలరు' అని రాయకండి. ఏ పేపరు, ఏ రూపంలో, ఏ తేదీలోగా కావాలో రాసి, సెక్షన్ 16ను పేర్కొనండి. అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. ప్రభుత్వ కాలేజీ అయితే, వికలాంగ విద్యార్థుల కోసం వచ్చిన నిధులు, చేసిన ఖర్చు ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అక్కడ పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. విచారణలో ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. కమిషనర్ సిఫారసు అందిన అధికారి 3 నెలల్లోగా ఏం చేశారో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. వైకల్యాన్ని ఎత్తిచూపి నలుగురిలో కావాలని అవమానిస్తే సెక్షన్ 92 కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు శిక్ష పడుతుంది. ఆ తిట్టులో కులం కూడా ఉంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్నీ ఫిర్యాదులో చేర్చాలి. రెండు వివక్షలు జరిగితే రెండూ కాగితం మీదికి రావాలి.

తెలుగు నేల మీద ఈ రెండు పోరాటాలు కలవడం కొత్తేమీ కాదు. మాదిగ దండోరా నాయకుడు మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితిని స్థాపించి పింఛన్ల కోసం వీధుల్లోకి వచ్చారు. ఆ కలయిక ఇంకా మన క్యాంపస్‌లలోకి పూర్తిగా రాలేదు. హాస్టల్ మెస్ బిల్లులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద మన సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో యూనికోడ్ నోట్సు, క్యాప్షన్లు, స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్ కూడా డిమాండ్లుగా చేరాలి. ఆ వినతిపత్రం రాసేటప్పుడు వికలాంగ విద్యార్థులు ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి. దాని ప్రతి ఒకటి వాళ్లు చదువుకోగలిగే రూపంలో ఉండాలి.