మదనపల్లెలో రాసిన వరస, మాట తెచ్చే లయ

1919 ఫిబ్రవరి నెలాఖరున రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ డబ్లిన్‌లో సంగీతం చదివి పట్టా పుచ్చుకున్నావిడ. ఒక సాయంత్రం విద్యార్థులతో కూడిన పాటల గోష్ఠిలో ఠాగూర్ తన బెంగాలీ పాటొకటి పాడారు. ఏడేళ్ళ కిందట కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన ‘జనగణమన’ అది. 28వ తేదీన ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తన చేత్తో రాసిచ్చారు. మార్గరెట్ ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలో రాసుకున్నారు.

ఈ కథ మదనపల్లెలో చాలామందికి తెలుసు. అందులో నన్ను పట్టుకునేది మార్గరెట్ చేసిన పని. గాలిలో కలిసిపోయే పాటను ఆమె కాగితం మీద నిలబెట్టింది. ఇక దాన్ని ఎవరైనా ఎక్కడైనా మళ్ళీ పాడవచ్చు, తప్పు పోతే సరిచూసుకోవచ్చు. సంగీతంతో చేసే వైద్యానికి ఒక శాస్త్రంగా నిలబడే అర్హత వచ్చింది సరిగ్గా ఇలాంటి పనివల్లనే.

అదే 1919లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మరో మార్గరెట్ సంగీత చికిత్స మీద పాఠాలు మొదలుపెట్టింది. ఆమె పేరు మార్గరెట్ ఆండర్టన్. బ్రిటిష్ పియానో కళాకారిణి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ కెనడా సైనికుల మధ్య పనిచేసి వచ్చింది. ఆమె చెప్పినదాంట్లో ఒక విషయం ఇప్పటికీ చెక్కు చెదరలేదు: మనసు దెబ్బతిన్నవాళ్ళకు చికిత్స చేసేవారు సంగీతం వినిపించాలి, ఒళ్ళు దెబ్బతిన్నవాళ్ళ చేత మాత్రం వాయిద్యం వాయింపించాలి. సంగీతాన్ని రోగి చెవికే కాదు, చేతికీ ఇవ్వవచ్చునన్న ఆలోచన అది.

సంగీతానికి జబ్బు తగ్గించే గుణం ఉందని మనవాళ్ళు అంతకు ఎంతో ముందునుంచీ నమ్ముతూనే ఉన్నారు. శిష్యుడి కడుపునొప్పి మాన్పడానికి ముత్తుస్వామి దీక్షితులు నవగ్రహ కృతులు కట్టారని చెబుతారు. ప్రాణం పోయిన మనిషిని త్యాగరాజస్వామి బిలహరి రాగంలో కృతి పాడి లేపారని మరో కథ. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసుడు కున్నక్కుడి వైద్యనాథన్ ఈ దారిలో ఎంతో ఆసక్తి చూపారు. ఆ నమ్మకాల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఫలానా రాగానికి ఫలానా రోగం అని పట్టికలు వేసి పంచేవారిని చూస్తే బాధేస్తుంది. ఎంతమందికి వినిపించారు, వినిపించనివాళ్ళు ఎలా ఉన్నారు అన్న లెక్క ఆ పట్టికల్లో కనిపించదు.

లెక్క అంటే ఏమిటో మదనపల్లెకు ఒకరు చెప్పనక్కరలేదు. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అక్కడి క్షయ శానటోరియాన్ని పెంచి పెద్దచేశారు. మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, గాలి, మంచి తిండి ఇవే చికిత్స. తర్వాత 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి మనుషులకూ ఎక్స్‌రేలు తీసి క్షయను లెక్కగట్టారు. ఆ ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. సంగీత చికిత్స కూడా నడవాల్సింది ఈ దారినే.

అమెరికాలో అది ఆ దారి పట్టడానికి రెండో ప్రపంచ యుద్ధం కావలసివచ్చింది. సైనిక ఆసుపత్రుల్లో పాటగాళ్ళు వచ్చి పాడి వెళ్ళాక రోగులు తేలికపడటం డాక్టర్లు చూశారు. కానీ పాడేవాళ్ళకు జబ్బుల గురించి తెలియదు. దాంతో శిక్షణ అవసరమైంది. 1944లో మిషిగన్ స్టేట్‌లో పాఠ్యప్రణాళిక వచ్చింది, 1946లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పూర్తి కోర్సు నడిచింది, 1950లో జాతీయ సంఘం ఏర్పడింది. అయినా అసలు మలుపు తర్వాత వచ్చింది. దాన్ని తెచ్చింది మాట పడిపోయిన రోగులు.

పక్షవాతంలో కుడిపక్క చచ్చుబడి, మాట కూడా పోయినవాళ్ళు మనకు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, ‘నీళ్ళు’ అనడానికి మాత్రం నోరు తిరగదు. అలాంటివాళ్ళలో కొందరు చిన్నప్పుడు నేర్చిన పాటను మాటలతో సహా పాడేస్తారు. ఈ వింతను 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో ఒకరు రాసిపెట్టారు: మాట పోయిన మనిషి చర్చిలో కీర్తనలు పాడాడని. రెండు వందల ఏళ్ళకు పైగా అది వింతగానే మిగిలింది. 1973లో బోస్టన్‌కు చెందిన ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు దాన్ని చికిత్సగా మలిచారు.

పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. రోజూ కావలసిన చిన్న మాటను తీసుకుని, రెండే స్వరాల మీద, ఒకటి పైన ఒకటి కింద, నెమ్మదిగా రాగం తీస్తారు. ఒక్కో అక్షరానికి రోగి ఎడమచేతిని బల్ల మీద తట్టిస్తారు. మొదట ఇద్దరూ కలిసి పాడతారు. మెల్లగా థెరపిస్టు గొంతు తగ్గించి తప్పుకుంటారు. ఆ తర్వాత రోగి ఒక్కడే అంటాడు, ప్రశ్న అడిగితే జవాబుగా అంటాడు. చివరికి రాగం కరిగిపోయి మాట మిగలాలి. మెదడులో మాటకు ఆధారమైన ఎడమభాగం దెబ్బతిన్నా, పాటను పలికించడంలో పాలుపంచుకునే కుడిభాగం సాయానికి వస్తుందని వాళ్ళు భావించారు.

ఎడమచేతి తట్టుడే ముఖ్యమా, రాగమా అన్న అనుమానం మెల్లగా పెరిగింది. 2011లో జర్మనీలో బెంజమిన్ స్టాల్ బృందం రాగాన్నీ లయనూ విడదీసి చూసింది. ఆ రోగుల్లో ఎక్కువ మేలు చేసింది రాగం కాదు, లయా, బాగా నోటికి వచ్చిన మాటలూ అని తేలింది. ఈ వాదన ఇంకా ముగియలేదు. ఏ మందును పరీక్షించినా ఇలాగే ఒక్కో భాగాన్ని విడదీసి చూస్తారు. పాటకూ ఆ పరీక్ష పెట్టారు కదా అని నాకు సంతోషం.

లయ బలం పుంగనూరువాళ్ళకు తెలుసు. సుగుటూరు గంగమ్మ జాతరలో పలకలు మోగితే ముసలివాళ్ళ కాళ్ళు కూడా ఆ దెబ్బకు కదులుతాయి. చెవిన పడ్డ దెబ్బ కాలి కండరాలకు ముందే కబురు పెట్టేస్తుంది. కొలరాడోలో మైకేల్ థాట్ దీన్నే పట్టుకున్నాడు. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చినవాళ్ళు అడుగులో అడుగు వేస్తూ, మధ్యలో ఆగిపోతూ నడుస్తారు. వాళ్ళ నడకకు కాస్త వేగం కలిపిన తాళాన్ని పాటల్లో పొదిగి, రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు ఇంటివద్దే నడిపించారు. 1996లో అచ్చయిన ఆ ఫలితాల్లో నడక వేగం 25 శాతం, అంగ పొడవు 12 శాతం పెరిగాయి. తాళం లేకుండా అంతే నడిచినవాళ్ళతో పోల్చి చూపించారు కాబట్టి ఆ అంకెలకు విలువ వచ్చింది.

ఇప్పుడు ఈ పద్ధతిని మన దగ్గర వాడాలంటే ఏం కావాలో చూద్దాం. ఉదాహరణకు కుప్పం. అక్కడ పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది, 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అటు తమిళం, ఇటు కన్నడం, మధ్యలో తెలుగు. పక్షవాతం వచ్చిన మనిషి ఇంట్లో ఒక భాష, సంతలో మరో భాష మాట్లాడేవాడై ఉండవచ్చు. బోస్టన్ పద్ధతి ఇంగ్లీషు ఒత్తుల మీద కట్టింది. ఒత్తి పలికే అక్షరానికి పై స్వరం, మిగతావాటికి కింది స్వరం. తెలుగు అలా నడవదు. మన మాట గురులఘువుల మీద నడుస్తుంది.

అందుకే రోగికి ముందుగా కావలసిన మాటలను గణవిభజన చేసి చూశాను. ‘నీళ్ళు కావాలి’: గురువు, లఘువు, గురువు, గురువు, లఘువు. ‘నొప్పిగా ఉంది’: అదే వరస. ‘ఆకలేస్తోంది’: మళ్ళీ అదే. చిత్తూరు యాసలో ‘నీళ్ళు కావాల’ అన్నా నడక మారదు. మూడింటికీ ఎనిమిదేసి మాత్రలు. అంటే ఒక్క తట్టుడు నేర్పితే మూడు అవసరాలు తీరవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. దీన్ని తేల్చాలంటే భాష తెలిసినవాళ్ళు, స్పీచ్ థెరపిస్టులు, పలక వాయించే మనిషి ఒకచోట కూర్చోవాలి. ఇలాంటి మాటలు తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఏరి, తాళంతో సహా రాసిపెట్టాలి. కొందరు రోగులకు తాళంతో, కొందరికి తాళం లేకుండా అంతే సేపు నేర్పి, ఎవరు ఎన్ని మాటలు తిరిగి తెచ్చుకున్నారో నెలనెలా నమోదు చేయాలి. ఆ కాగితాలు పుంగనూరులోనో మదనపల్లెలోనో మరో థెరపిస్టు చేతిలో పెట్టినప్పుడు, అదే తాళం అలాగే మళ్ళీ పట్టగలిగేలా ఉండాలి.