గాజుపూత మీది కత్తులు

1730. సాక్సనీలో ఎల్బే నది ఒడ్డున మైసెన్ పట్నం. కొండ మీది ఆల్బ్రెహ్ట్స్‌బుర్గ్ కోటలోకి మీరు వచ్చారు. మెలికలు తిరిగే రాతిమెట్లు ఎక్కి పైకి చేరేసరికి, రంగులు కలిపే తైలం వాసన గుప్పుమంటుంది. రాజుగారి పింగాణీ కార్ఖానాలో బొమ్మలు వేసే గది ఇది.

కిటికీ దగ్గర బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. ఒకటి జపాన్ నుంచి, అరిత ఊరి కకియెమోన్ పనివాళ్ళ చేతిలో పుట్టి, డచ్చి ఓడల్లో వచ్చింది. దాని తెలుపు చూడండి. పాల తెలుపు కాదు, సున్నపు తెలుపూ కాదు. అక్కడివాళ్ళు దాన్ని నిగోషిదే అంటారు. నిగోషి అంటే బియ్యం కడుగు. నిజంగా కడుగు నీళ్ళ తెలుపే!

రెండోది ఇక్కడి మట్టిది. బంగారం చేస్తానన్న బోట్గర్‌ను రాజు ఆగస్టస్ బంధించి పెట్టాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడి తోడ్పాటుతో 1708లో తెల్ల పింగాణీ మాత్రం వచ్చింది. 1710లో కార్ఖానా వెలిసింది.

చిత్రకారుడు ఊపిరి బిగబట్టి, ఆ రెండో పళ్ళెం మీద వెదురును చుట్టుకున్న పులికి చారలు దిద్దుతున్నాడు. జపాన్‌లో పులులు లేవు. అరితలో ఈ బొమ్మ వేసినవాడూ పులిని ఎన్నడూ చూసి ఉండడు. డ్రెస్డెన్ ఆస్థానంలో దీన్ని ‘పసుపు సింహం’ అంటున్నారు. ఆ పసుపు ఇప్పుడు మసకగా ఉంది. బట్టీలో మరోసారి కాలితేనే వెలుగుతుంది.

పులి పూర్తయింది. ఇటు వెదురు, అటు ప్లమ్ పూలకొమ్మ. మధ్యలో అంతా ఖాళీ. కుంచెలో ఇంకా రంగుంది, చెయ్యి ఆ ఖాళీ మీదికి వెళ్ళి ఆగింది. నన్నడిగితే ఈ గదిలో అన్నిటికన్నా కష్టమైన విద్య అదే. పులిని చూసి దించుకోవచ్చు, ఎక్కడ ఆపాలో మాత్రం చేతికి తెలియాలి.

అతని పక్కనే ఇంకో దొంతర ఉంది. పారిస్ వర్తకుడు లెమేర్ అడిగిన సరుకు. మామూలుగా ఇక్కడి పళ్ళెం అడుగున, గాజుపూత కింద, కోబాల్టు నీలంతో రెండు కత్తులు వేస్తారు. ఆ గుర్తు చెరిగేది కాదు. ఈ దొంతరకు మాత్రం కత్తులు గాజుపూత మీద పడాలి. పారిస్‌లో వాటిని గీకేస్తే చాలు, పళ్ళెం జపాన్‌దైపోతుంది, ధర పెరుగుతుంది. లెమేర్ వెనుక ఉన్నది మంత్రి హోయిమ్. వచ్చే ఏడాది హోయిమ్ ఖైదవుతాడు, అతని ఇంట్లోని పళ్ళాలు రాజుగారి జపనీస్ ప్యాలెస్‌కు చేరతాయి.

ఇవాళ ఇదేదీ ఈ బల్ల దాకా రాలేదు. అరిత పనివాళ్ళతో సమానంగా నిలిచిన చెయ్యి, తన ఊరి గుర్తును చెరిగిపోయే చోట వేస్తోంది. సన్న కుంచెతో రెండు గీతలు అడ్డంగా కలిపి, ఓపిగ్గా పిడులు కూడా దిద్ది, అతను ఇంకో పళ్ళెం బోర్లించాడు.