రూపాయికి 8 పైసలు – మన ఊరి గ్రంథాలయం కథ

ఇంటి పన్ను రసీదులను భద్రంగా ఫైలులో పెట్టుకోవడం మన పెన్షనర్లకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. అయితే కట్టిన మొత్తం చూసుకుంటామే గాని, అందులో ఏ పద్దు కింద ఎంత కట్టామో చూసేవారు తక్కువ. ఆ పన్నులో గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న భాగం ఉంటుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. మన ఊరి గ్రంథాలయానికి వచ్చే దినపత్రికలు, వారపత్రికలు, పుస్తకాలు, అక్కడి కుర్చీలు, దీపాలు చాలావరకు ఆ పైసలతో వచ్చినవే. ఈ పద్దు ఎలా ఏర్పడిందో, దాని వెనుక ఎందరు పెద్దల శ్రమ ఉందో సోదర సోదరీమణులకు, వారి పిల్లలకు ఈ ప్రత్యేక సంచిక ద్వారా గుర్తు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగునాట గ్రంథాలయాలు ప్రభుత్వం పెడితే వచ్చినవి కావు. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయాన్ని స్థాపించారు. రాజమహేంద్రవరంలో వడ్డాది సుబ్బారాయుడు గారి వసురాయ గ్రంథాలయం, నాళం కృష్ణారావు గారు నెలకొల్పిన గ్రంథాలయం తర్వాత ఒకటై నేటి గౌతమీ గ్రంథాలయంగా రూపొందాయి. ఇవన్నీ వ్యక్తుల పూనికతో, చందాలతో, విరాళాలతో నడిచిన సంస్థలు. ఒకరు ఇంట్లో గది ఇస్తే, మరొకరు బీరువా ఇచ్చేవారు. ఇంకొకరు తమ దగ్గరున్న పుస్తకాలు తెచ్చి పెట్టేవారు.

నైజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. అక్కడ పాలనా భాష ఉర్దూ. తెలుగు చదువుకు, తెలుగు పుస్తకానికి ఆదరణ తక్కువగా ఉన్న ఆ రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆరంభమైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు దీనికి మూలపురుషులు. మొదట రావిచెట్టు వారి ఇంట్లోనే నడిచింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. తర్వాతి కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వల్ల అనుమతి లేనిదే సభ జరుపుకోవడానికి వీలు లేకపోయింది. రాజకీయం మాట్లాడలేని ఆ కాలంలో తెలంగాణలో నలుగురు తెలుగువారు కలుసుకోవడానికి, ఒక పత్రిక చదివి లోకం సంగతులు తెలుసుకోవడానికి గ్రంథాలయమే నీడ అయింది. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టించడానికి పాటుపడింది అందుకే.

కోస్తాలో ఈ విడివిడి ప్రయత్నాలను ఒక తాటి మీదకు తెచ్చిన ఘనత అయ్యంకి వేంకట రమణయ్య గారిది. 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టిన ఆయన పూనికతో 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే పుట్టింది. అదే నెల 1వ తేదీన మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడటం మొదలైంది. వార్త తెచ్చే పత్రిక, దాన్ని పది మందికీ అందించే గది, రెండూ ఒకే నెలలో బలం పుంజుకున్నాయన్నమాట. ఒక ఊరికి పత్రిక ఒక్క ప్రతి వచ్చినా, అక్షరం వచ్చిన ఒకరు పైకి చదువుతుంటే రాని వారు చుట్టూ కూర్చుని వినేవారు. రాత్రి బడులు, ఉపన్యాసాలు, హరికథలు గ్రంథాలయాల ఆవరణలో జరిగేవి. నేడు సాంస్కృతిక కార్యక్రమాలు అంటున్నవన్నీ ఆనాడే గ్రంథాలయం పనిలో భాగం.

1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరగడంలోనూ అయ్యంకి వారి చొరవ ఉంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు మనం జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాల తేదీకి మూలం అదే. నవంబరు 14 పిల్లల పండుగ కూడా కావడంతో ఈ సంగతి చాలామందికి తెలియకుండా పోయింది. ప్రభుత్వం 1972లో అయ్యంకి వారిని పద్మశ్రీతో గౌరవించింది. 1979లో ఆయన కన్నుమూశారు.

ఊళ్లలో ఈ ఉద్యమం ఎంత లోతుగా నాటుకుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది వేటపాలెం. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి గారు అక్కడ సారస్వత నికేతనాన్ని ఆరంభించారు. 1929లో గాంధీ మహాత్ముడు అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రపరిచి చూపిస్తారు. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుంచి నేటికీ అక్కడికి వెళుతుంటారు. పెద్ద నగరం కాదు, విశ్వవిద్యాలయం లేదు. ఒక చేనేత ఊరు పట్టుదలగా కాపాడుకున్న సంపద అది.

రెండవది పడవ గ్రంథాలయం. గుంటూరు జిల్లా పెదపాలెం సేవాశ్రమం నుంచి పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద తిరిగే పడవలో పుస్తకాలు పెట్టి, కొల్లూరు – పెదవడ్లపూడి మధ్య ఊళ్లకు పంపే ఏర్పాటు చేశారు. అప్పటికి డెల్టా పల్లెలకు మంచి రోడ్లు లేవు. ధాన్యం, ఎరువు, పెళ్లివారు అందరూ పడవల్లోనే వెళ్లేవారు. వాటితోపాటు పుస్తకమూ వెళ్లింది. చదువరి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే చదువరి దగ్గరకు పోవాలన్న మాటను ఆయన ఆ విధంగా చేసి చూపించారు.

ఇన్ని జరిగినా ఒక లోటు మిగిలింది. చందాల మీద నడిచే సంస్థ దాని పెద్ద ఉన్నంత కాలమే నడుస్తుంది. ఆయన పోతే, లేదా ఆయన చేతిలో డబ్బు ఆడకపోతే, బీరువాకు తాళం పడుతుంది. అందుకే గ్రంథాలయానికి చట్టం కావాలని, స్థిరమైన ఆదాయం కావాలని పెద్దలు ఏళ్ల తరబడి కోరారు. ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. దేశంలో అమలుకు నోచుకున్న చట్టాల్లో ఇది ముందు వరుసలోనిది. ఇంటి పన్ను మీద రూపాయికి అర్ధణా వంతున గ్రంథాలయ పన్ను అందులో ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం వచ్చింది. రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే చట్టం 1960లో అమలులోకి వచ్చింది. గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం జీవితమంతా వెచ్చించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు అదే సంవత్సరం ఫిబ్రవరిలో కన్నుమూశారు. విజయవాడలోని సర్వోత్తమ భవనం ఆయన పేరు మీదదే.

చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు, చిన్న ఊళ్లకు పుస్తక నిక్షేప కేంద్రాలు ఏర్పడ్డాయి. పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా సంస్థకు జమ కట్టాలి. లెక్క చిన్నదే. వెయ్యి రూపాయల ఇంటి పన్నుకు 80 రూపాయలు. ఆ ప్రకారం పదివేల ఇళ్లు ఉన్న పట్టణంలో ఇంటికి సగటున వెయ్యి చొప్పున పన్ను వస్తే గ్రంథాలయానికి ఏడాదికి 8 లక్షలు రావాలి.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయం ఉంది. వసూలైన పన్ను వసూలైనట్టు గ్రంథాలయ సంస్థకు చేరడం లేదని, బకాయిలు పేరుకుపోతున్నాయని రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా వినిపిస్తున్న మాట. సొమ్ము స్థానిక సంస్థల ఇతర ఖర్చుల్లో కలిసిపోతే గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు రావు, ఖాళీ అయిన పోస్టులు నిండవు. ఒక్కరే ఉద్యోగి రెండు మూడు శాఖలు చూడవలసి వస్తే తలుపు తీసే వేళ తగ్గిపోతుంది. తలుపు మూసి ఉంటే పాఠకులు రావడం మానేస్తారు. పాఠకులు రావడం లేదని చెప్పి శాఖను మూస్తారు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఈ వరస కొత్త కాదు.

పాఠకులు లేరన్న మాట నిజం కాదు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పోటీ పరీక్షలకు చదివే యువతీ యువకులు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుంటారు. జిల్లా కేంద్రాల్లోనూ ఇదే దృశ్యం. ఇరుకు ఇళ్లలో, అద్దె గదుల్లో ఉండే పిల్లలకు నిశ్శబ్దంగా కూర్చుని చదువుకునే బల్ల దొరికేది అక్కడే. పల్లెల్లో శాఖ తెరిస్తే ఉదయం పేపరు కోసం వచ్చేది ఎక్కువగా మన వయసు వారే. సెల్ ఫోనులో వార్త ఇంట్లోనే దొరుకుతుంది గాని, వార్త చదివి పక్కవారితో నాలుగు మాటలు చెప్పుకోవడం ఫోనులో దొరకదు.

కాబట్టి మన సభ్యులకు కొన్ని మనవులు. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు గ్రంథాలయ పన్ను ఎంతో అడిగి తెలుసుకోండి. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయిందా లేదా అని గ్రామసభలో గాని, మునిసిపల్ కార్యాలయంలో గాని ఒక్క కాగితం రాసి అడగండి. కాగితం రాయడం మనకు తెలిసిన విద్య. మనవళ్లను, మనవరాళ్లను వెంట తీసుకువెళ్లి వారి పేరున సభ్యత్వం తీసుకోండి. నవంబరు వారోత్సవాల్లో పిల్లలకు కథ చెప్పడానికో, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు నడపడానికో గ్రంథపాలకునికి ఒక పూట సాయపడండి. ఇంట్లోని మంచి పుస్తకాలు ఇవ్వదలిస్తే, అక్కడ ఏవి అవసరమో అడిగి ఇవ్వండి. చిరిగినవి, చెదలు పట్టినవి వారికి భారమే అవుతాయి.

అయ్యంకి, పాతూరి, గాడిచర్ల వంటి వారు చట్టం లేని రోజుల్లో, చేతిలో డబ్బు లేని రోజుల్లో ఊరూరా తిరిగి ఈ గదులు తెరిపించారు. మన చేతిలో చట్టం ఉంది, పన్ను కట్టిన రసీదు ఉంది, విశ్రాంత జీవితంలో కొంత తీరిక కూడా ఉంది. మన ఊరి శాఖా గ్రంథాలయం ఏ వేళకు తెరుస్తారో, ఏ వేళకు మూస్తారో ముందుగా తెలుసుకుని, ఒకసారి వెళ్లి చూసి రండి.