రాజ్యాంగ సభలో ఒక గురువు, మన పేటల్లో ఒక సర్టిఫికెట్టు

ఈ ఏడాది అక్టోబరు 19 నాటికి మన కడప మేత్రాసనానికి యాభై ఏళ్లు నిండుతాయి. 1976లో నెల్లూరు మేత్రాసనం నుంచి కడప, చిత్తూరు జిల్లాలను విడదీసి మనకు వేరే పీఠం ఇచ్చారు. కలకడ, పీలేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ అందులోకే వచ్చాయి. స్వర్ణోత్సవ సంచిక అనగానే గుడులు కట్టిన గురువులూ, బడులు నడిపిన కన్యాస్త్రీలూ, ఊరూరా తిరిగి జపాలు నేర్పిన ఉపదేశులూ గుర్తుకొస్తారు. వాళ్ల గురించి ఇతరులు రాస్తారు. నేను మన మేత్రాసనంలో ఏనాడూ పనిచేయని ఒక గురువు గురించి రాస్తున్నాను. ఆయన ఢిల్లీలో పాలుపంచుకున్న నిర్ణయాల ఫలితం ఈనాటికీ మన విచారణల్లో ప్రతి ఇంటినీ తాకుతోంది.

ఆయన ఫాదర్ జెరోమ్ డిసౌజా. 1897లో మంగళూరులో పుట్టిన యేసుసభ గురువు. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్‌లో, ఆ తర్వాత మద్రాసు లయోలా కళాశాలలో విద్యాసంస్థల బాధ్యత మోశారు. 1946లో రాజ్యాంగ సభకు మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికయ్యారు. అప్పట్లో చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి, పేరుకైనా సరే, కలకడకూ ఆయన ప్రతినిధే. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు కూడా అదే సభలో ఉన్నారు. స్వాతంత్ర్యం తర్వాత ఐక్యరాజ్యసమితికి వెళ్లిన భారత ప్రతినిధి బృందాల్లోనూ ఫాదర్ డిసౌజాకు చోటు దక్కింది. 1951లో ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. తెల్ల అంగీ తొడుక్కున్న గురువు ఒకరు దేశానికి చట్టం రాసే సభలో కూర్చోవడం ఈనాటి వాళ్లకు వింతగా ఉంటుంది. ఇప్పుడది కుదరదు కూడా. ప్రభుత్వాధికారం చేతిలో ఉండే పదవులు గురువులు చేపట్టకూడదని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతోంది.

ఆ సభ క్రైస్తవులకు ఇచ్చింది చిన్నదేం కాదు. మతాన్ని అవలంబించడమే కాదు, ప్రచారం చేసుకునే హక్కు కూడా 25వ అధికరణంలో ఉంది. 1948 డిసెంబరులో దానిమీద గట్టి వాదనే జరిగింది. కె. సంతానం, టి.టి. కృష్ణమాచారి లాంటి హిందూ సభ్యులు ఆ హక్కు వైపు నిలబడ్డారు. మైనారిటీలు తమ బడులు తామే నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది. మేత్రాసనం బడుల్లో చదివిన వాళ్లమంతా ఆ అధికరణానికి రుణపడ్డాం.

ఇక 1949 మే నెల సంగతి. చట్టసభల్లో మత మైనారిటీలకు ప్రత్యేక స్థానాలు వద్దని సర్దార్ పటేల్ కమిటీ చెప్పింది. ఫాదర్ డిసౌజా దాన్ని సమర్థించారు. వేరుగా ఉండిపోవడం కంటే తోటి ప్రజల మీద నమ్మకం ఉంచడమే మేలని ఆయన భావించారు. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. ఆ మాటకు ధైర్యం కావాలి, మనసూ కావాలి. ఆయన్ని నేను తప్పుపట్టను.

అయితే పల్లె క్రైస్తవుడి వైపు నుంచి ఈ లెక్క ఒకసారి చూడాలి. భారత క్రైస్తవుణ్ణి షెడ్యూల్డు కులస్తుడిగా లెక్కించకూడదని 1936లోనే బ్రిటిషు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయితే అప్పట్లో మద్రాసు శాసనసభలో క్రైస్తవులకంటూ 8 స్థానాలు వేరే ఉండేవి. 1949లో ఆ స్థానాలు పోయాయి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువులు తప్ప మరొకరు షెడ్యూల్డు కులస్తులు కారని మళ్లీ రాసింది. స్థానాలూ లేవు, ఎస్సీ హోదా కూడా లేదు. మంగళూరు, మద్రాసుల్లో చదువుకున్న కుటుంబాలు ఆ నష్టాన్ని తట్టుకోగలిగాయి. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో బాప్తిస్మం తీసుకున్న కూలివాళ్లు తట్టుకోలేకపోయారు. ఇదే ఉత్తర్వును 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సడలించారు. మనకు మాత్రం సడలించలేదు. మద్రాసు వీధి పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు తన తోటి చర్మకారులకిచ్చిన బంకు తనకూ ఇమ్మని సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1985లో ఓడిపోయాడు.

మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సి. వాళ్లకు దక్కేది ఒక్క శాతం రిజర్వేషను. అందుకే రికార్డుల్లో ఒక మతం, ఆదివారం దివ్యబలిపూజలో మరో మతం. ఆ పని చేసేవాళ్లను అవిశ్వాసులని తిట్టడం నాకు నచ్చదు. పిల్లాడి ఫీజు కోసం ఒక తండ్రిని ఆ ఇరుకులోకి నెట్టినది ఆ ఉత్తర్వే. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే దాన్ని మార్చమంది. మన శాసనసభ 2009లో, మళ్లీ 2023 మార్చిలో తీర్మానాలు చేసి కేంద్రాన్ని అడిగింది.

శ్రీసభ లోపలా బాకీ ఉంది. తన గడపలో కుల వివక్ష ఉందని భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. మారంపూడి జోజి గారు దేశంలో తొలి దళిత అగ్రపీఠాధిపతి అయింది 2000లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన 53 ఏళ్లకు. 1992లో మన కడప మేత్రాసనానికే గురువుగా అభిషిక్తులై, బద్వేలు విచారణలో పనిచేసిన పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. 2025 మేలో పోపు గారిని ఎన్నుకున్న సభలో మన బద్వేలు గురువు ఓటు వేశారంటే నా గుండె నిండిపోయింది. ఆయన్ని రోములో ఆ సభకు పిలిచారు. ఆయన పుట్టిన సమాజం బిడ్డకు మాత్రం మన తహసీల్దారు ఆఫీసులో ఎస్సీ సర్టిఫికెట్టు రాదు.

జూబిలీ కమిటీ పెద్దలకు నా మనవి ఒకటే. ఫాదర్ డిసౌజా రాజ్యాంగ సభ ప్రసంగాలను తెలుగు చేయించి, 1950 ఉత్తర్వు పాఠంతో కలిపి చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. ఆగస్టు 10న నల్లదినం పాటించినప్పుడు ప్రతి విచారణలోనూ యువతచేత దాన్ని చదివించండి.