తలకిందులైన నేల మీద మా ఊరు

మెల్‌బోర్న్ నుంచి చుట్టాలొస్తే ముందుగా రోసలిండ్ పార్కులోని ఇనుప గోపురం ఎక్కిస్తాను. ఒకప్పుడు అది గని మూతి మీద నిలబడి మనుషుల్నీ రాళ్ళనీ పైకి లాగిన చట్రం. ఇక్కడివాళ్ళు దాన్ని పాపెట్ హెడ్ అంటారు. పైనుంచి చూసి, “ఇంత చిన్న ఊళ్ళో ఇంతింత భవనాలా!” అంటారు వచ్చినవాళ్ళు. ఆ డబ్బంతా మన కాళ్ళ కింది నుంచే వచ్చిందంటాను.

మా బెండిగో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇది జా జా వరంగ్ ప్రజల నేల. 1851లో ఇక్కడి వాగులో బంగారం కనబడింది. ఏడాది తిరిగేసరికి వేలమంది గుడారాలేశారు. వాగు గట్లు తవ్వి, మట్టి కడిగి, కిందిది పైకీ పైది కిందికీ చేశారు. అందుకే జా జా వరంగ్ వాళ్ళు దీన్ని ‘తలకిందులైన నేల’ అంటారు. మా ఊరి చరిత్రను ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

పేరుకూ ఒక కథ ఉంది. బెండిగో అనేది ఇంగ్లండులో ఒక బాక్సర్ ముద్దుపేరు. ఇక్కడి గొర్రెల కాపరి ఒకడికి అదే పేరు పెట్టి పిలిచేవారట. అతని పేరే వాగుకు వచ్చింది. ప్రభుత్వం ఊరికి శాండ్‌హర్స్ట్ అని పేరు పెట్టినా జనం నోట బెండిగోనే నిలిచింది. చివరికి 1891లో ఓటు వేసి మరీ ఖాయం చేసుకున్నారు.

ఊరి మొండితనం అంతకు ముందే బయటపడింది. బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కట్టాలన్నారు. 1853లో తవ్వకందార్లు టోపీలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, అంత కట్టేది లేదన్నారు.

ఆ తర్వాత వచ్చిన తవ్వకందార్లలో చైనావాళ్ళు చాలామంది. వాళ్ళకు ఈ ప్రాంతం ‘పెద్ద బంగారు కొండ’. వాళ్ళ రాకను ఆపడానికి 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడలో దిగే ఒక్కొక్క చైనా మనిషికీ పది పౌన్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి వచ్చారు. 1871లో ఊరి ఆసుపత్రికీ అనాథాశ్రమానికీ చందాలు పోగుచేయడానికి ఈస్టర్ ఉత్సవం మొదలైంది. కొన్నేళ్ళకే చైనావాళ్ళు తమ ఊరేగింపుతో అందులో కలిశారు. రావద్దని పన్ను వేయించుకున్నవాళ్ళే ఊరి ఆసుపత్రికి అండగా నిలిచారు. ఆ ఊరేగింపు డ్రాగన్లు ఇప్పుడు బ్రిడ్జ్ వీధిలోని గోల్డెన్ డ్రాగన్ మ్యూజియంలో ఉన్నాయి. 1970 నుంచి ఊరేగిన సన్ లూంగ్ అనే డ్రాగన్ 2019లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు తిరిగేది దాయ్ గమ్ లూంగ్.

పని అయిపోయినదాన్ని పారేయకపోవడం మా ఊరి అలవాటు. 412 మీటర్ల లోతున్న సెంట్రల్ డెబొరా గని 1954లో మూతపడితే, దాన్ని సందర్శకుల కోసం తెరిచారు. హెల్మెట్ పెట్టుకుని 61 మీటర్ల లోతుకు దిగి ఆ చీకటి చూడొచ్చు. 1890లో మొదలైన ట్రాములను 1972లో ఆపేస్తే, వాటినీ ఊరు చూడటానికి వచ్చేవాళ్ళ కోసం నిలుపుకున్నారు. గనిలో దిగినప్పుడల్లా నాకు కోలారు గుర్తొస్తుంది. తరతరాలుగా తెలుగువాళ్ళూ పనిచేసిన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడక్కడ కంటికి ముందు ఆనేవి సైనైడ్ దిబ్బలు.

ఊరి శివార్లలో టిబెట్‌లోని గ్యాంట్సే స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం ఉంది. లోపల నిలువెత్తు పచ్చరాతి బుద్ధుడు. స్తూపం వెడల్పు 50 మీటర్లు అంటే తెలుగు చుట్టాలకు అమరావతి చెబుతాను. అదీ దాదాపు అంతే ఉండేది. దాని చెక్కడపు రాళ్ళలో ఎక్కువ భాగం చూడాలంటే మాత్రం చెన్నైకో లండన్‌కో వెళ్ళాలి.

గనీ స్తూపమూ ఏ రోజైనా చూడొచ్చు. ఊరిని చూడాలంటే మాత్రం ఈస్టర్‌కు రండి. డ్రాగన్ కింద నడిచే కాళ్ళు కనబడతాయి. అవి చైనావాళ్ళవే అనుకుంటారు కొత్తవాళ్ళు. కాస్త వంగి చూడండి. అందులో ఊరందరి కాళ్ళూ ఉంటాయి.